నాణేల వేలానికి విశాఖ నుంచి: ముంబైయా, బెంగళూరా, ఇంట్లో కూర్చుని పాడటమా?

విశాఖలో పాత నాణెం కావాలంటే ముందు గుర్తొచ్చేది కురుపాం మార్కెట్. రాణి బొమ్మ రూపాయి అయితే లెక్క తేలికే: 11.66 గ్రాముల బరువు, అందులో 91.7 శాతం వెండి. నాకు కావలసినవి మాత్రం మన కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల ‘ఫణాలు’ అనే బుల్లి బంగారు నాణేలు. అర గ్రాము కూడా తూగవు. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు ‘స’ అక్షరం, దాని కింద రాజు ఏలుబడి సంవత్సరం అంకె. వీటిని నమ్మకంగా కొనాలంటే వేలం సంస్థలే దారి.

ముంబైలో టోడీవాలా, ఓస్వాల్, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ పేరున్నవి. క్యాటలాగ్‌లు నెట్‌లోనే చూడొచ్చు, పాట కూడా ఇంటి నుంచే పాడొచ్చు. అయినా నేను రైలెక్కేది పాట కోసం కాదు, అంతకుముందు జరిగే వ్యూయింగ్ కోసం, అంటే వేలానికి పెట్టిన నాణేల్ని స్వయంగా చూసుకోనివ్వడం కోసం. ఫణం లాంటి చిన్న నాణేన్ని ఫొటోలో అరచేతంత చేసి చూపిస్తారు, అంచు మాత్రం కనబడదు. ఇలాంటి ఫణాలను మన ఇళ్లలో గొలుసులకూ ఉంగరాలకూ అతికించేవారు. ఆ అతుకు తీసేసి నునుపు చేసిన చోటు, చేతిలోకి తీసుకుని భూతద్దం కింద తిప్పి చూస్తేనే పట్టుబడుతుంది.

ఒక సంస్థ దగ్గర ఆన్‌లైన్‌లో పాడి కొన్న ఫణం సరిగ్గా అలాగే వచ్చింది. వర్ణనలో అతుకు మాటే లేదు. వెనక్కి తీసుకోమంటే ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం’ అన్న నిబంధన చూపించారు. అందుకే ఇప్పుడు సంస్థల్ని పోల్చేటప్పుడు ప్రీమియం, అంటే పాట ధర మీద సంస్థ అదనంగా తీసుకునే రుసుము, ఎంతో తర్వాత చూస్తాను. లోపాలు రాస్తున్నారా, తూకం ఇస్తున్నారా, నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా చెబుతున్నారా అన్నవే ముందు.

ముంబై ప్రయాణం అలసట. విశాఖ–ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు దాటిపోతుంది, ఫోర్ట్ ప్రాంతంలో గదులు ఇరుకు, అద్దె ఎక్కువ. దాదర్‌లో బస చేసి లోకల్ రైల్లో వెళ్లడమే నయం. కానీ ఫోర్ట్‌లో రిజర్వు బ్యాంకు నాణేల మ్యూజియం ఉంది. పాటకు ముందురోజు అక్కడ గడపండి. అసలైన నాణేలు అన్ని చూశాక కంటికి ఒక పదును వస్తుంది, మర్నాడు ట్రేలో తేడా ఉన్నది ఇట్టే తెలుస్తుంది. బెంగళూరు ఖర్చులో తేలిక. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, మెజెస్టిక్ దగ్గర బడ్జెట్ లాడ్జీలు చాలానే ఉన్నాయి.

డబ్బు లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి. పాట పదివేల దగ్గర ఆగి, ప్రీమియం 15 శాతం అనుకుంటే 11,500 అవుతుంది, దాని మీద పన్ను. హాల్లో సుత్తి పడే వేడిలో ఈ లెక్క ఎవరికీ తట్టదు. మొత్తం ఖర్చుకు హద్దు పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి వచ్చి పాట ఎంత వరకు పాడాలో కాగితం మీద రాసుకోవాలి.

లండన్ స్పింక్, కాలిఫోర్నియాలోని స్టీఫెన్ ఆల్బమ్ లాంటి చోట్ల భారతీయ నాణేలు వస్తాయి, వాటి వర్ణనలు చదివితేనే ఎంతో నేర్చుకోవచ్చు. కొనడం మాత్రం వేరే సంగతి. కస్టమ్స్ సుంకం కలుస్తుంది. పైగా 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని సొంతంగా దేశం దాటించకూడదు. అంటే రేపు అమ్ముకోవాలన్నా ఇక్కడే అమ్మాలి.

‘మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ రిజర్వు బ్యాంకు పేరుతో వచ్చే ఫోన్లను నమ్మకండి. అలాంటి వ్యవహారాలతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

గెలిచిన లాట్‌ను (వేలంలో ఒక నంబరు కింద అమ్మే నాణేన్ని) కొరియర్‌లో తెప్పించుకోవచ్చు, అయితే బీమా ఎంతవరకో ముందే అడగండి. చేత్తో తెచ్చుకుంటే బిల్లు మీద లాట్ నంబరు, తూకం, వర్ణన రాయించుకోండి. ఆ బిల్లు, క్యాటలాగ్ పేజీ నాణెంతోపాటే దాచండి. మళ్లీ ఎప్పుడైనా వేలానికి పంపితే అడిగేది అవే.