‘షీ ఈజ్ ద మ్యాన్’: మైదానంలో చోటు కోసం మగవేషం

షేక్‌స్పియర్ ‘ట్వెల్త్ నైట్’ నాటకంలో మగవేషం ధరించి ప్రభువు కొలువులో చేరే వయోలాను, 2006లో ఆండీ ఫిక్‌మన్ దర్శకత్వంలో వచ్చిన ఈ అమెరికన్ హాస్యచిత్రం ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా మార్చింది. కోనసీమలోని మా ఇంట్లో, పదో తరగతి చదువుతున్న మేనకోడలితోనూ ఆమెతో కబడ్డీ ఆడే పిల్లలతోనూ కలిసి దీన్ని చూశాను.

తగినంతమంది చేరలేదన్న కారణంతో కార్న్‌వాల్ పాఠశాలలో బాలికల జట్టును రద్దు చేస్తారు. అబ్బాయిలతో పాటు తమనూ ఎంపికలో పరీక్షించమని వయోలా కోరితే శిక్షకుడు కొట్టిపారేస్తాడు. జట్టులో సగంమంది కన్నా నువ్వే బాగా ఆడతావని అంతకుముందే మెచ్చుకొన్న ప్రియుడు జస్టిన్ కూడా, నలుగురి ఎదుట శిక్షకుడి పక్షమే వహిస్తాడు. చిత్రమంతటిలో నన్ను ఎక్కువగా కలచివేసిన ఘట్టం ఇదే. చాటున ఒప్పుకొన్న ప్రతిభను నలుగురిలో ఒప్పుకోలేని మగవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు.

కవల సోదరుడు లండన్ వెళ్లగానే వయోలా అతని పేరుతో ఇల్లీరియా పాఠశాలలో చేరుతుంది. అమాండా బైన్స్ గొంతులో, నడకలో తెచ్చిపెట్టుకొన్న మగతనం మొదట్లో నవ్విస్తుంది, తరువాత ఆలోచింపజేస్తుంది. తోటి అబ్బాయిలు తనను లెక్కచేయనప్పుడు ఆమె పిజ్జా దుకాణంలో ఒక నాటకమాడి, సోదరుడి ప్రియురాలు మోనిక్‌ను అందరి ముందూ అవమానించాకే వాళ్ల గౌరవం సంపాదిస్తుంది. మగవాడిగా చెల్లుబాటు కావాలంటే ఒక ఆడపిల్లను చిన్నబుచ్చాలన్న ఆ లెక్కను చిత్రం పట్టి చూపింది గానీ, మోనిక్‌ను చివరిదాకా నవ్వులపాలు చేసి తానే ఆ లెక్కకు లొంగిపోయింది.

కూతురు గౌను వేసుకొని, యుక్తవయసు అమ్మాయిలను సంఘానికి పరిచయం చేసే డెబ్యుటాంట్ వేడుకలో మెరవాలన్న తల్లి ఆరాటం మా పిల్లలకు వెంటనే అర్థమైంది. వోణీల ఫంక్షన్ ఘనంగా జరిపి, ఆ మరుసటి వారం నుంచే ‘ఇక ఆటలు చాలు’ అనే ఇళ్లు డెల్టాలో నేటికీ ఉన్నాయి. మగవేషపు కథ కూడా మనకు కొత్తది కాదు: నిడదవోలు చాళుక్య వీరభద్రుని పెళ్లాడిన రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజుగా పేర్కొన్నాయి.

పతాక సన్నివేశంలో, అమ్మాయి ఆడరాదన్న నిబంధనల పుస్తకాన్ని ఇల్లీరియా శిక్షకుడు చించివేస్తాడు. ఆ పాత్రధారి విన్నీ జోన్స్ 1988లో వింబుల్డన్ జట్టుతో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్‌ఏ కప్ గెలిచిన ఆటగాడు కావడంతో ఆ కోపానికి బలం వచ్చింది. అయితే గెలుపు వయోలా ఒక్కదానిదే. అబ్బాయిలను మించిన ఒక అసాధారణ ప్రతిభావంతురాలికి తలుపు తెరుచుకుంది. రద్దయిన జట్టులోని సాధారణ ఆటగత్తెలకు మైదానం తిరిగి దక్కినట్టు చిత్రం చూపలేదు. ఈ లోపాన్ని నేను తేలికగా తీసుకోలేను. మన మార్టేరు అమ్మాయి సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే పరుగెత్తగలిగిందంటే, మహిళలకంటూ ఒక జట్టు ఉండబట్టే కదా.

కొన్ని ముద్దు సన్నివేశాలు, మొరటు హాస్యం ఉన్నందున హైస్కూలు వయసు పిల్లలకే చూపించాలి. 105 నిమిషాల్లో విసుగు పుట్టించే ఘట్టాలు తక్కువే. పాఠశాలలో ప్రదర్శిస్తే మాత్రం అబ్బాయిలను కూడా తప్పక కూర్చోబెట్టాలి; జస్టిన్ ప్రవర్తన గురించి ముందుగా మాట్లాడవలసింది వాళ్లతోనే.