హైవే పక్క నర్సరీలో కొన్న యుఫోర్బియాలు: మొక్కకి నాలుగున్నర, మట్టికి ఒకటి

మొక్కలకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. వాటిని నిలబెట్టిన మట్టికి ఒకటి. ఆ ఒకటి కూడా కవర్ చినక్కుండా ఇంటిదాకా వచ్చినందుకే.

మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తుంటాను. మా ఇంటికి నీడ లేదు, డాబాకి అసలే లేదు. ఐదేళ్ల నుంచి ప్రతి చలికాలం గులాబీలు కొనడం, రోహిణి కార్తె వచ్చేసరికి కుండీలు ఖాళీ చేసి మూలన బోర్లించడం ఇదే వరస. ఎండకి ఏడవని పూల మొక్క కావాలని వెతుకుతుంటే, ఒంగోలు బయట హైవే సర్వీసు రోడ్డులో ఒక నర్సరీ ముందు బండి ఆగిపోయింది. పేరు రాయను. కింద తిట్టేది కొంత ఉంది, నడిపే ఆయన మాత్రం మంచి మనిషి.

అది 2023 సెప్టెంబరు. గ్రీన్ నెట్ బయట, పూర్తి ఎండలో, మోకాలెత్తు ముళ్ళ మొక్కలు. ఒక్కోదాని నెత్తిన గుప్పెడు పూలు. గులాబి, నిమ్మపసుపు, నారింజ, అంచున ఎరుపు దిగిన తెలుపు. "ఇవేంది అన్నా?" అంటే, "థాయ్ యుఫోర్బియా సార్. నీళ్లు మర్చిపోయినా బతుకుద్ది" అన్నాడు. ఆ మాట మొదట్లో నాకు సరిగ్గా ఎక్కలేదు. నీళ్లు మర్చిపోతేనే బతుకుద్ది అని అర్థం చేసుకోవడానికి మూడు నెలలు, ఐదు మొక్కలు పట్టింది.

చిన్న పూల రకం నూట యాభై, పెద్ద పూల థాయ్ రకం మూడొందలు. బేరమాడితే ఏడు మొక్కలు కలిపి పదహారొందలకి ఇచ్చాడు. ధర మీద నాకు ఫిర్యాదు లేదు. రంగు చెప్పి ఇచ్చినవన్నీ ఆ రంగే పూశాయి. ఇది చిన్న విషయం కాదు. ఆ తర్వాత మా బావమరిది మాట విని ఆన్‌లైన్‌లో ఒక చోట "ఐదు రంగుల సెట్" తెప్పించాను. పేపర్లో చుట్టిన ఐదు పుల్లలు వచ్చాయి. బతికినవి నాలుగు, నాలుగూ ఎరుపే. అడిగితే, పూశాక రిటర్న్ తీసుకోరట.

ఇంటికి తెచ్చిన రోజు అమ్మ గుమ్మంలోనే ఆపింది. "గుమ్మానికి దిష్టి కోసం జెముడు ముక్క కట్టుకుంటే ఊరికే వస్తది గదరా, దీనికి మూడొందలు పోసినావా?" అంది. అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు. పొలం గట్ల మీద కంచెగా పెరిగే బొమ్మజెముడు, ఆకుజెముడు ఈ మొక్కకి దాయాదులే. దారి పక్కన నేల మీద పాకే రెడ్డివారి నానుబాలు కూడా ఈ కుటుంబమే. యుఫోర్బియా ప్రజాతిలో రెండు వేలకు పైగా జాతులున్నాయి, గిల్లితే పాలు కారడం అన్నిటికీ ఉన్న గుణం. మన కుండీలోకి వచ్చినది యుఫోర్బియా మిలీ, పుట్టిల్లు మడగాస్కర్. మిలీ అంటే ఒక దొర పేరు. బూర్బన్ దీవికి (ఇప్పటి రీయూనియన్) గవర్నరుగా చేసిన మిలియస్ అనే ఆయన 1821లో దీన్ని ఫ్రాన్సుకి చేర్చాడు. థాయిలాండ్ వాళ్లు పెద్ద పూల రకాలు తయారుచేసి, చైనా కథల్లోని ఎనిమిది మంది సిద్ధుల పేరు పెట్టుకున్నారు. గుత్తికి ఎనిమిది పూలు వస్తే కలిసొస్తుందని వాళ్ల నమ్మకం. నాది పదకొండు దాకా పూసింది. కలిసొచ్చిందేమీ లేదు కానీ అమ్మ మాత్రం ఇప్పుడు వచ్చిన చుట్టాలందర్నీ డాబా ఎక్కిస్తోంది.

ఇంకో సంగతి. మనం పువ్వనుకునే ఆ రెండు రంగు రెక్కలు నిజానికి ఆకులే. అసలు పువ్వులు వాటి మధ్యలో బుడిపెల్లా ఉంటాయి. అందుకే వారానికే రాలిపోకుండా వారాల తరబడి నిలుస్తాయి.

ఇక మట్టి సంగతి.

నర్సరీ కవర్‌లో ఉన్నది మట్టి కాదు, ముప్పాతిక వంతు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. సెప్టెంబరు, అక్టోబరు బాగానే గడిచాయి. డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు దానికి ముందు నుంచీ వానే. కోకోపీట్ నీళ్లు పీల్చుకుని అరిసెల పిండిలా ముద్దయింది. వాన వెలిసిన నాలుగో రోజు ఒక మొక్క ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. నీళ్లు చాలలేదేమో అని నేను ఇంకో చెంబు పోశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. వారం తిరిగేసరికి ఐదు మొక్కలు కాండం మొదలు దగ్గర మెత్తబడి, వేలితో నొక్కితే దిగిపోతున్నాయి.

నర్సరీ ఆయనకి ఫోన్ చేశాను. ఆయన దబాయించలేదు, తప్పించుకోలేదు. "కింద పోతే పోయింది, పైన గట్టిగా ఉందిగా? కోసెయ్యి సార్. లోపల తెల్లగా కనపడే దాకా కోస్తానే ఉండు" అన్నాడు. సర్వీసుకి మార్కులు వేయాల్సి వస్తే ఈ ఒక్క ఫోన్‌కే వేస్తాను. కాండం కోసి చూస్తే నడిమధ్యన గోధుమరంగు చుక్క ఉంది. ఇంకో అంగుళం పైకి, మళ్లీ చుక్క. చివరికి శుభ్రంగా తెల్లగా వచ్చే చోటు దొరికేదాకా కోస్తూ పోయాను. ప్రతి కోతకీ బ్లేడు తుడవాలి, లేకపోతే కుళ్ళు పైకి మనమే మోసుకెళ్తాం.

పాలు మాత్రం జాగ్రత్త. ఒళ్ళంతా చెమట, చేతికి గ్లౌజు లేదు, మోచేత్తో నుదురు తుడుచుకోబోయి వేలు కంట్లో పెట్టుకున్నాను. జిల్లేడు పాలు పడ్డట్టే మంట. కుళాయి కింద పావుగంట కడిగి ఒంగోలు వెళ్లి డాక్టరుకి చూపించుకుంటే, మూడు రోజులు చుక్కల మందు వేశారు. ఈ మొక్క అమ్మేవాళ్లు ముళ్ల గురించి చెప్తారు, పాల గురించి చెప్పరు. పిల్లలు, కుక్కలు తిరిగే చోట కుండీ ఎత్తు మీద పెట్టండి.

కోసిన ముక్కల్ని ఆ రోజే నాటాను. అన్నీ పోయాయి. గులాబీ కొమ్మకి చేసినట్టు ఒక దానికి పాలిథిన్ కవర్ తొడిగాను, అది అన్నిటికంటే ముందు పోయింది. రెండోసారి, ఫిబ్రవరిలో, మిగిలిన రెండు మొక్కల నుంచి నాలుగేసి అంగుళాల ముక్కలు పదకొండు తీశాను. కోసిన వెంటనే నీళ్లలో ముంచి పాలు కారడం ఆగేదాకా ఉంచాను. కింది ఆకులు గిల్లేసి, నీడలో, పాత దినపత్రిక మీద వారం రోజులు పడేశాను. తల వాడిపోయి చచ్చినట్టే కనపడుతుంది, కంగారు పడి నీళ్లు చల్లకూడదు. కోసిన చోట తోలు కట్టినట్టు గట్టిపడ్డాకే నాటాలి. అంగుళం లోతు చాలు. నాటాక కూడా వారం దాకా నీళ్లు లేవు, ఆ తర్వాత మట్టి పూర్తిగా ఆరినప్పుడల్లా కొంచెం. ఆరో వారానికి మెల్లగా లాగి చూస్తే రావడం లేదు, పైన చిటికెనవేలి గోరంత చిగురు. పదకొండులో తొమ్మిది బతికాయి.

ఈసారి వాడిన మట్టి మిశ్రమం నాదే, కాస్త గొప్ప చెప్పుకుంటాను. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు సన్న గ్రానైట్ చిప్స్, పైన గుప్పెడు వర్మీ కంపోస్ట్. చిప్స్ మా ఊళ్ళో అడిగితే ఇస్తారు, కానీ జల్లెడ పట్టి పొడి తీసేయాలి. పాలిషింగ్ దగ్గర వచ్చే తెల్ల స్లర్రీ (రాతి పొడి బురద) మాత్రం దగ్గరికి రానివ్వకండి. "ఊరికే వస్తుందిగా" అని మా ఫోర్‌మన్ ఒక కుండీలో కలిపాడు, ఎండాక సిమెంటు దిమ్మలా బిగుసుకుంది. కుండీ పగలగొట్టి మొక్కని తీశాం.

ఊరి తెలివి ఇంకోటి నాకే ఎదురు తిరిగింది. యూనిట్‌లో విరిగిన గెలాక్సీ (మా ఊరి నల్ల గ్రానైట్) పలకలు తెచ్చి పిట్టగోడ మీద పరిచి, వాటి మీద కుండీలు సర్దాను. నల్ల రాయి మీద బంగారు చుక్కలు, పైన నిమ్మపసుపు పూలు, ఫొటోకి ఎంత బాగుందో. మే నెలలో ఆ పలక మీద చెయ్యి పెట్టలేకపోయాను. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు ఉడికిపోయి ఒక మొక్క ఆకులన్నీ దులిపేసింది. ఈ మొక్క ఆకు రాల్చిన చోట మళ్లీ ఆకు వేయదు, కొత్త చిగురు చివరే వేస్తుంది. దాంతో అది ఇప్పటికీ మెడ పొడుగు కొంగలా ఉంది. కుండీల కింద ఇటుకలు పెట్టాక మిగతావి నిలదొక్కుకున్నాయి.

పోయిన నెల మళ్లీ నర్సరీకి వెళ్లాను. కోకోపీట్ ఎందుకు పెడతారని మొహం మీదే అడిగాను. "కడియం నర్సరీల నుంచి లారీలో రావాల గదా సార్. మట్టి పెడితే బరువు, కిరాయి ఎవురిస్తారు? పైగా మా పిల్లోడు పైపు పట్టుకుంటే గులాబీకీ దీనికీ ఒకటే నీళ్లు" అని నవ్వాడు. నిజాయితీకి సంతోషమే. కానీ "వారంలో మట్టి మార్చుకోండి" అని ఒక ముక్క కొన్నరోజే చెప్పి ఉంటే నా ఐదు మొక్కలు ఉండేవి. అందుకే ఆ ఒకటి మార్కు.

అక్కడ కొనేవాళ్లు పూలు చూసి కాదు, కాండం మొదలు చూసి తీసుకోండి. బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి, కవర్ చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉండాలి. బరువుగా ఉందంటే పొద్దునే నీళ్లు తాగిందని. కణుపుల దగ్గర దూదిలా తెల్లగా ఉంటే పిండినల్లి పురుగు, పక్కన పెట్టేయండి. వానాకాలం ముందు కాకుండా సంక్రాంతి వెళ్లాక కొంటే మేలు. ఫోన్ పే ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గేటు వేసి ఉంటుంది, పిలిచినా పలకరు.

వచ్చేటప్పుడు ఆ ఎర్ర అంచు తెలుపు రకం ఇంకోటి అడిగితే, "అది మా దగ్గర వానలకి మొత్తం పోయింది సార్, మళ్లీ రాలా" అన్నాడు. నా దగ్గర మూడు ఉన్నాయన్నాను. ఒక్క నిమిషం నన్నే చూశాడు. పోయిన ఆదివారం రెండు ముక్కలు కోసి, తోలు కట్టించి, దినపత్రికలో చుట్టి తీసుకెళ్లిచ్చాను. బదులుగా రెండు నారింజ థాయ్ మొక్కలు ఇచ్చాడు. కవర్లు రెండూ బరువుగానే ఉన్నాయి. ఇంటికి రాగానే కోకోపీట్ దులిపేశాను.