‘లేక్ వ్యూ’ గదికి అడ్వాన్సు కట్టేముందు నీటిమట్టం చూసుకోండి

డ్యామ్ వెనక నిలిచిన నీళ్ల ఒడ్డున గది, బోటు షికారు కలిపి ప్యాకేజీగా అమ్ముతుంటే ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. అవి రిజర్వాయరు నిండుకుండలా ఉన్నప్పుడు తీసినవి. తీరా వెళ్లాక బాల్కనీ ముందు కనిపించేది నెర్రెలిచ్చిన బురద, ఆ అవతలెక్కడో సన్నటి నీటి చార. బోటు ‘ఈ వారం నడవట్లేదు’ అంటారు. డబ్బు మాత్రం వెనక్కి రాదు.

రిజర్వాయరును నింపేదే వాడుకోవడానికి. సాగునీటి డ్యామైతే ఎండాకాలం చివర, అంటే సరిగ్గా సెలవులప్పుడే, అడుగంటుతుంది. వరదలను ఆపడానికి కట్టినదాన్ని వానలకు ముందే కొంత ఖాళీ చేసి ఉంచుతారు. మంచు కరిగి నిండేవాటిలో వసంతం మొదట్లో నీళ్లు తక్కువ, వేసవి మొదట్లో ఎక్కువ. పంప్డ్ స్టోరేజీ (నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ కేంద్రాలవి ఒక్క రోజులోనే మీటర్ల కొద్దీ ఎక్కి దిగుతాయి.

‘సగం నిండే ఉందండీ’ అన్న మాటకు పడిపోవద్దు. శాతం చెప్పేది నీటి పరిమాణం, ఎత్తు కాదు. గరాటు ఆకారంలో 60 మీటర్ల లోతున్న జలాశయం సగానికి వచ్చిందంటే మట్టం 12 మీటర్లు దిగినట్టు, నీటి విస్తీర్ణం మూడో వంతుకు పైగా పోయినట్టు. ఒడ్డు 50 మీటర్లకు 1 మీటరు చొప్పున వాలి ఉంటే నీళ్లు 600 మీటర్లు వెనక్కి జరుగుతాయి. అదే 2 మీటర్లకు 1 మీటరు వాలుంటే 24 మీటర్లే. కాబట్టి గది నిటారు గట్టు వైపున్నదే మేలు. కాకపోతే రేవు దగ్గరికి నాలుగంతస్తుల ఎత్తు దిగి ఎక్కాలి, పెద్దవాళ్లుంటే అదో తలనొప్పి.

పేరున్న చోటు కదా అని ధీమా పడడానికీ లేదు. అమెరికాలోని లేక్ మీడ్ జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి దాదాపు 1,229 అడుగుల ఎత్తు. 2022 జులైలో అది 1,040 అడుగుల దగ్గరికి పడిపోయింది, బోట్లు దించే ర్యాంపులు చాలావరకు మూతపడ్డాయి. ర్యాంపు కాంక్రీటు ఒక ఎత్తు దగ్గర ఆగిపోతుంది. నీళ్లు దానికంటే కిందికి పోతే బోటు దింపే దారే ఉండదు. మట్టం తగ్గితే ఇంకో ముప్పు, మునిగిన చెట్ల మోళ్లు. ఘనాలో అకోసొంబో డ్యామ్ వెనక ఏర్పడిన వోల్టా జలాశయంలో అవి తగిలే పడవలు ప్రమాదాల పాలయ్యాయి. బోటువాడు ‘నీళ్లు తక్కువ, తిప్పను’ అంటే అతనితో గొడవ పెట్టుకోకండి. గొడవ పడాల్సింది ప్యాకేజీ అమ్మినవాళ్లతో.

అసలు కిటుకు రద్దు నిబంధనల్లో ఉంటుంది. ‘వాతావరణం బాగోలేక రద్దయితే వాపసు’ అని రాస్తారు. నీళ్లు తగ్గడం వాతావరణం కిందికి రాదని తర్వాత వాదిస్తారు. అందుకే కట్టేముందే మెసేజీలో అడగండి: ఈ రోజు మట్టమెంత, ఎంతకు దిగితే బోటు ఆపుతారు, అలా ఆపితే ఎంత వాపసు? ఫోన్లో చెప్పిన జవాబును లెక్కలోకి తీసుకోకండి.

వాళ్ల మాటతో పనిలేకుండా మీరే చూసుకునే దారీ ఉంది. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం, దాదాపు అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. హోటల్ నుంచి నీటి అంచుదాకా స్కేలుతో కొలవండి. తర్వాత నిరుడు ఇదే వారం నాటి చిత్రం తీసి పోల్చండి. మబ్బు పట్టిన తేదీలను వదిలేయండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ప్రకటన పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, ఫొటోలు తర్వాత మారిపోవచ్చు. గదిలో దిగిన వెంటనే, సామాను విప్పకముందే, బాల్కనీ నుంచి ఫొటో తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఖాళీ చేసి వచ్చాక ఇచ్చే ఫిర్యాదును పట్టించుకోరు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్‌కు (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడానికి) ఆ స్క్రీన్‌షాట్, ఆ ఫొటో రెండూ జతచేయండి. గడువు దాటితే బ్యాంకు తీసుకోదు, ఊరు చేరగానే ఆ పని చూడండి.