ఆరు వేసవులు నడిచిన ఇన్వర్టర్ ఏసీ: చల్లదనానికి మంచి మార్కులు, వారంటీ కార్డుకు కాదు

ఒకటిన్నర టన్ను, ఐదు స్టార్ల ఇన్వర్టర్ స్ప్లిట్, ఆర్-32 గ్యాస్. చల్లదనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రోహిణి కార్తెలో కూడా గది తొందరగానే చల్లబడుతుంది, చప్పుడు తక్కువ. చెప్పాల్సిందల్లా నాలుగో ఏట మొదలైన గ్యాస్ లీకు గురించి, దాని మీద కంపెనీని ఎంతవరకు నిలదీయొచ్చన్న దాని గురించి.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న 10 ఏళ్ల వారంటీ కంప్రెసర్ ఒక్కదానికే. మొత్తం మిషన్‌కు ఏడాదే. కంప్రెసర్ పోయినా దాని వరకే ఉచితం. గ్యాస్, కూలి, విజిట్ ఛార్జీ మనమే కట్టుకోవాలని కార్డు వెనక ఉంటుంది. పైగా సాధారణంగా ముందు పోయేది కంప్రెసర్ కాదు, లోపలి కూలింగ్ కాయిల్ లేదా బయటి యూనిట్‌లోని పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు). పీసీబీలో బల్లి దూరి షార్ట్ అయితే వారంటీ ఉన్నా చేతులెత్తేస్తారు. బల్లికి ఏ కార్డులోనూ చోటు లేదు.

గ్యాస్ తగ్గుతున్న సంగతి ఇన్వర్టర్ ఏసీలో ఆలస్యంగా తెలుస్తుంది. కంప్రెసర్ వేగం పెంచుకుని కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, ఈలోగా కరెంటు బిల్లు పెరుగుతుంది. బయటి యూనిట్ దగ్గర సన్న పైపు మీద మంచు పేరుకుంటే లీకును అనుమానించాలి.

టెక్నీషియన్ వచ్చి గ్యాస్ నింపి, జాబ్ షీట్‌లో ‘గ్యాస్ లో, టాప్ అప్ డన్’ అని రాసి వెళ్తాడు. తర్వాత ఫిర్యాదుకు పోయినప్పుడు దెబ్బకొట్టేది ఈ ఒక్క లైనే, ఎందుకంటే లీకు ఎక్కడుందో అందులో లేదు. గ్యాస్ నింపే ముందే నైట్రోజన్ ప్రెషర్ టెస్ట్ చేయమని అడగాలి. లోపలి, బయటి యూనిట్లను విడదీసి, నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ పూస్తే బుడగ ఎక్కడ లేస్తే అక్కడే లీకు. ఆ చోటు జాబ్ షీట్‌లో రాయించి ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఆ చోటును బట్టే ఎవరిని అడగాలో తేలుతుంది. ఫ్లేర్ నట్ (పైపును యూనిట్‌కు బిగించే నట్టు) దగ్గరైతే చాలావరకు బిగింపు లోపం, అమర్చినవాళ్ల బాధ్యత. కాయిల్ చివర యూ-బెండ్ అతుకు దగ్గరైతే ఫ్యాక్టరీ అతుకు మీద అనుమానం బలపడుతుంది. రాగి గొట్టం మధ్యలో సూది మొన రంధ్రాలైతే పేచీయే. రంగులు, జిగురు, ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు తేమతో కలిసి రాగిని చీమలు పుట్ట తొలిచినట్టు తొలుస్తాయి. కంపెనీ దాన్ని ‘మీ ఇంటి గాలి’ అంటుంది. విశాఖ, కాకినాడ తీరాల్లోనైతే ఉప్పుగాలి అనే వాదన సిద్ధంగా ఉంటుంది. గొప్పగా చెప్పే నీలం పూత అల్యూమినియం రేకులకే, రాగి వంపులకు కాదు.

వారంటీ అయిపోతే హక్కూ అయిపోయినట్టేనని సర్వీస్ సెంటర్లో అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అలా చెప్పదు. తయారీలోనో డిజైన్‌లోనో ఉన్న లోపం తర్వాత బయటపడినా ఫిర్యాదు చేయొచ్చు. లోపం అక్కడిదేనని చూపించే బరువు మాత్రం కొన్నవాళ్లది. అందుకే మార్చిన పాత కాయిల్‌ను టెక్నీషియన్‌కు ఇచ్చేయకూడదు. వినియోగదారుల కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపాలంటే వస్తువు చేతిలో ఉండాలి. ఆ పరీక్ష ఫీజు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి.

ముందు కంపెనీకి ఈమెయిల్ పంపండి: సీరియల్ నంబరు, బిల్లు తేదీ, పాత ఫిర్యాదుల నంబర్లు, లీకు ఫొటో, ఏం కావాలో ఒక్క వాక్యంలో, 15 రోజుల గడువు. ఫోన్ మాటలకు ఆధారం మిగలదు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు ఆదేశం ఇవ్వలేరు, కంపెనీకి పంపి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తారు. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. డీలర్‌ను, తయారీ కంపెనీని ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరు రెండోవాళ్ల మీదికి నెడతారు.

గడువు, ఫిర్యాదుకు కారణం పుట్టినప్పటి నుంచి 2 ఏళ్లు. వారంటీలోనే మొదలై మళ్లీమళ్లీ వచ్చిన లోపమైతే కేసుకు బలం. అప్పటి జాబ్ షీట్లు పారేయకండి. ఆరో ఏట తొలిసారి వచ్చిన లీకుకు కొత్త ఏసీ అడగడం మాత్రం అత్యాశ. కాయిల్ ఖరీదు, కూలి, లీకు వెతక్కుండా నింపిన గ్యాస్ డబ్బు అడిగితే నిలబడే అవకాశం ఎక్కువ.

ఇంకో ఏసీ కొనేటట్టయితే కంప్రెసర్ ఏళ్లు వదిలేసి, కార్డులో ‘కూలింగ్ కాయిల్’ అనే మాట ఉందో లేదో చూస్తాను. ‘కండెన్సర్’ అని మాత్రమే రాస్తే అది బయటి కాయిల్, లోపలిది కాదు.