స్టీమ్ డెక్‌లో స్టీమ్‌ఓఎస్ ఉంచుకోవాలా, బజైట్ వేసుకోవాలా: ఏది మేలు?

పోయిన నెల మా పిన్ని కొడుకు కూకట్‌పల్లి నుంచి ఫోన్ చేసి, “అన్నయ్యా, డెక్‌లో స్టీమ్‌ఓఎస్ తీసేసి బజైట్ వేసెయ్యనా?” అని అడిగాడు. స్టీమ్ డెక్ అంటే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్. దాంతో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) స్టీమ్‌ఓఎస్, దాని బదులు వేసుకోగలిగే మరో ఓఎస్ బజైట్. వాడి డెక్కూ నా డెక్కూ ఒకే సూట్‌కేసులో డాలస్ నుంచి వచ్చాయి, మా బావ తెచ్చాడు. వాల్వ్ కంపెనీ దీన్ని ఇండియాలో నేరుగా అమ్మదు కాబట్టి మనలో చాలామందికి డెక్ ఇలాగే చేరుతుంది. పాడైతే పట్టుకెళ్లి ఇవ్వడానికి ఊళ్లో కంపెనీ సర్వీస్ సెంటర్ ఉండదు. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను ముందు రెండే చూస్తాను. ఇవాళ చేసుకున్న మార్పుల్లో రేపటి అప్‌డేట్ తర్వాత ఎన్ని మిగులుతాయి? తప్పు జరిగితే ఎంత సులువుగా వెనక్కి రాగలం?

ముందు రెండింటిలో ఒకేలా ఉన్నదేమిటో చెప్పుకుంటే సగం అనుమానాలు తీరతాయి. స్టీమ్‌ఓఎస్ 3 ఆర్చ్ లైనక్స్ మీద కట్టినది, 2022 ఫిబ్రవరి 28న డెక్‌తో పాటే జనం చేతికొచ్చింది. బజైట్ ఫెడోరా అటామిక్ అనే మరో రకం లైనక్స్ మీద కట్టినది, యూనివర్సల్ బ్లూ అనే స్వచ్ఛంద బృందం చేస్తోంది. పునాదులు వేరైనా పైన కనిపించే గేమింగ్ మోడ్ ఒక్కటే. ఆటలు కొని ఆడే అదే స్టీమ్, తెర మీద ఆటను చూపించే అదే గేమ్‌స్కోప్, విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపించే అదే ప్రోటాన్. ఆట ఆడుతున్నంతసేపు ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం. కాబట్టి ఫ్రేములు పెరుగుతాయన్న ఆశతో మాత్రం బజైట్ వెయ్యకండి. డెక్‌లో జెన్ 2 కోర్లు నాలుగే, ఆర్‌డీఎన్‌ఏ 2 గ్రాఫిక్స్ యూనిట్లు ఎనిమిదే, చిప్‌కి అందే కరెంటు 15 వాట్లే. ఓఎస్ మారినంత మాత్రాన అవి మారవు.

మన ఎండల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది రెండింటికీ వర్తిస్తుంది. చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటేనే డెక్ బాగా పనిచేస్తుందని వాల్వ్ 2022 వేసవిలో చెప్పింది. చిప్ 100 డిగ్రీలకు చేరితే వేగం తగ్గించుకుంటుంది, 105 దగ్గర ఆగిపోతుంది. రోహిణి కార్తెలో విజయవాడలో ఫ్యాను కింద కూర్చుని ఆడేవాళ్లకు ఆ 35 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. నేను మే నెలంతా టీడీపీని, అంటే చిప్‌కి అందే కరెంటు పరిమితిని, 8, 9 వాట్ల దగ్గర కట్టేసి, తెరను 40 హెర్ట్జ్‌కి (సెకనుకు 40 ఫ్రేములకు) దించి ఆడతాను. ఈ 40 అంకెలో ఒక మర్మం ఉంది. 30 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు తీసుకుంటే, 60లో 16.7 తీసుకుంటుంది. 40లో అది 25, అంటే సరిగ్గా రెండింటి నడుమ. చూడ్డానికి 30 కన్నా బాగా నున్నగా ఉంటుంది, కరెంటు మాత్రం 60 కన్నా బాగా తక్కువ. ఎల్‌సీడీ డెక్‌లో ఉన్నది 40 వాట్-అవర్ బ్యాటరీ. మొత్తం యంత్రం 10 వాట్లు తాగితే నాలుగు గంటలు వస్తుంది, 20 తాగితే రెండే. ఈ సర్దుబాటంతా మూడు చుక్కల మీట నొక్కితే వచ్చే మెనూలోనే ఉంది. ఒక్కో ఆటకు ఒక్కో ప్రొఫైల్ దాచుకోవచ్చు. దీనికోసం ఏ ఓఎస్సూ మార్చనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. డెక్ మీద మనం చేసే మార్పులు మూడు చోట్ల ఉంటాయి. ఆ తేడా తెలిస్తే ఎవరికి ఏది కావాలో దాదాపు దానంతటదే తేలిపోతుంది.

మొదటిది మన స్టీమ్ ఖాతా. వెనక ఉన్న ఎల్4, ఎల్5, ఆర్4, ఆర్5 మీటలకు ఏ పని అప్పజెప్పాం, ట్రాక్‌ప్యాడ్ మౌస్‌లా ఉండాలా మెనూలా ఉండాలా, గురి పెట్టేటప్పుడు గైరో (డెక్‌ను కదిపితే పసిగట్టే సెన్సర్) పనిచేయాలా వద్దా, ఇలాంటి కంట్రోలర్ అమరికలు ఖాతాతో పాటే వస్తాయి. డెక్ మొత్తం తుడిచేసి మళ్లీ లాగిన్ అయితే అవి మన కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. నా దృష్టిలో డెక్‌లో అన్నిటికన్నా విలువైన మార్పులు ఇవే, కానీ జనం అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేవీ ఇవే. మౌస్ కోసం చేసిన పాత స్ట్రాటజీ ఆటను ట్రాక్‌ప్యాడ్‌తో పడుకుని ఆడగలిగిన రోజున నాకు ఈ యంత్రం మీద నిజంగా ప్రేమ కలిగింది.

రెండోది హోమ్ ఫోల్డర్. డిస్కవర్ అనే యాప్ స్టోర్‌లోంచి వేసుకునే ఫ్లాట్‌పాక్ యాప్‌లు (సిస్టమ్‌ను ముట్టుకోకుండా విడిగా ఉండేవి), ఎపిక్, జీఓజీ అనే వేరే దుకాణాల ఆటల కోసం హీరోయిక్ లాంచర్, ప్రోటాన్‌అప్-క్యూటీతో దించుకున్న జీఈ-ప్రోటాన్ (ప్రోటాన్‌కి బయటివాళ్లు మార్పులు చేసిన రూపం), పాత కన్సోల్ ఆటల కోసం ఈముడెక్, ఇవన్నీ ఇక్కడే ఉంటాయి. మధ్యలో వీడియో వచ్చే చోట తెర నల్లబడిపోయే ఆటలు కొన్ని జీఈ-ప్రోటాన్‌తో సరిగ్గా నడుస్తాయి, అందుకే అది నా డెక్‌లో ఎప్పుడూ ఉంటుంది. గేమింగ్ మోడ్‌కు ప్లగిన్లు చేర్చే డెకీ లోడర్ కూడా ముఖ్యంగా ఈ చోటిదే. దాంతో గేమింగ్ మోడ్ రంగులు, రూపం మార్చుకోవచ్చు, ఏ ఆట లైనక్స్‌లో ఎలా నడుస్తుందో ఆడేవాళ్లు చెప్పే ప్రోటాన్‌డీబీ సైటులో ఆ ఆటకు వచ్చిన గ్రేడును ఆట పేజీలోనే చూసుకోవచ్చు. స్టీమ్ క్లయింటుకు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా డెకీ ప్లగిన్లు కొన్నాళ్లు మొరాయించే అవకాశం ఉంది. అవి స్టీమ్ లోపలి భాగాల్లోకి చొరబడి పనిచేస్తాయి కాబట్టి ఆ చిక్కు స్టీమ్‌ఓఎస్‌లో ఎంతో బజైట్‌లోనూ అంతే.

మూడోది సిస్టమ్. రెండు ఓఎస్‌లూ నిజంగా విడిపోయేది ఇక్కడే.

స్టీమ్‌ఓఎస్‌లో సిస్టమ్ భాగం రాయడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటుంది. మామూలు కంప్యూటర్‌లా కనిపించే డెస్క్‌టాప్ మోడ్‌లో పాస్‌వర్డ్ పెట్టుకుని, ఒక్క ఆదేశంతో ఆ తాళం తీయొచ్చు. ఆ తర్వాత ఆర్చ్ లైనక్స్‌లో ప్రోగ్రాములు వేసే ప్యాక్‌మ్యాన్‌తో ఏ ప్యాకేజీ అయినా వేసుకోవచ్చు. చాలా వీడియోలు ఇక్కడిదాకా చూపించి ఆపేస్తాయి. స్టీమ్‌ఓఎస్ అప్‌డేట్ అంటే పాత సిస్టమ్‌ను సరిచేయడం కాదు, డిస్కులో పక్కనే ఉన్న ఇంకో భాగంలో (పార్టిషన్‌లో) కొత్త సిస్టమ్ మొత్తాన్ని దించి, అందులోంచి బూట్ అవడం. మనం ప్యాక్‌మ్యాన్‌తో వేసుకున్నవి ఆ కొత్తదాంట్లో ఉండవు. డెక్ చెడిపోకుండా ఉండాలని కావాలనే అలా కట్టారు, ఆ కట్టడం నాకు ఇష్టమే. కానీ ప్రతి అప్‌డేట్‌కీ అదే పని మళ్లీ చేసుకోవాలంటే కొన్నాళ్లకు విసుగొస్తుంది, ఆ విసుగులో అప్‌డేట్‌లే ఆపేసుకునేవాళ్లు ఉంటారు. అది మాత్రం చెయ్యకండి.

బజైట్‌లోనూ సిస్టమ్‌కు తాళం ఉంది, కానీ మన సామాను గుర్తుపెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. ప్యాకేజీలు చేర్చే ఆర్‌పీఎం-ఓఎస్‌ట్రీ అనే సాధనంతో ఒక ప్యాకేజీ చేరిస్తే అది సిస్టమ్ మీద ఒక పొరలా కూర్చుంటుంది. కొత్త సిస్టమ్ వచ్చినప్పుడు ఆ పొరను దాని మీద మళ్లీ పరుస్తుంది. మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ తెలుగు టైపింగ్. ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతుల్లో తెలుగు రాయాలంటే లైనక్స్‌లో ఎక్కువమంది ఆధారపడేది ఎం17ఎన్ ప్యాకేజీ మీద. స్టీమ్‌ఓఎస్‌లో దాన్ని ప్యాక్‌మ్యాన్‌తో వేసుకుంటే తర్వాతి అప్‌డేట్‌తో పోతుంది, కొంచెం చుట్టుదారిలో ఫ్లాట్‌పాక్ ద్వారా తెచ్చుకోవాలి. బజైట్‌లో ఒకసారి చేరిస్తే ఉండిపోతుంది. మా పిన్ని కొడుకు డెక్‌ను మానిటర్‌కి తగిలించి కాలేజీ ప్రాజెక్టులు, తెలుగులో రాతలు అన్నీ దాని మీదే చేస్తాడు. వాడికి ఈ ఒక్క తేడా చాలు.

అలాగని బజైట్‌లో పొరల మీద పొరలు పేర్చకూడదు. పొరలో చేర్చిన ప్యాకేజీకీ కొత్త సిస్టమ్‌కీ పొత్తు కుదరకపోతే అప్‌డేటే ఆగిపోతుంది. పొరను ఆఖరి మార్గంగానే వాడమని బజైట్ చేసేవాళ్లే చెబుతారు. ముందు ఫ్లాట్‌పాక్, అది కాకపోతే డిస్ట్రోబాక్స్, అదీ కుదరనప్పుడే పొర. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు డిస్ట్రోబాక్స్ చాలా అక్కరకొస్తుంది. అది హోమ్‌లో ఉబుంటూనో ఫెడోరానో ఒక చిన్న గదిలా పెట్టి ఇస్తుంది. కంపైలర్లు, పైథాన్ లైబ్రరీలు అందులో ఎన్ని వేసుకున్నా అసలు సిస్టమ్‌కు మట్టి అంటదు. దీనికోసం కూడా బజైట్‌కు పరుగెత్తనక్కర్లేదు, 3.5 వెర్షన్ నుంచి స్టీమ్‌ఓఎస్‌లోనే డిస్ట్రోబాక్స్ ఉంది.

తప్పు జరిగినప్పుడు వెనక్కి రావడం చూద్దాం. స్టీమ్‌ఓఎస్‌లో అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా చేస్తే, డెక్ ఆఫ్ చేసి, మూడు చుక్కల మీట పట్టుకుని పవర్ నొక్కాలి. పాత సిస్టమ్‌లోకి వెళ్లే దారి కనిపిస్తుంది. వెనక్కి వెళ్లగలిగేది ఒక్క మెట్టే. బజైట్‌లోనూ బూట్ మెనూలో కిందటి సిస్టమ్ ఉంటుంది. దానికి తోడు, బాగా పనిచేస్తున్న దాన్ని మేకు కొట్టినట్టు పిన్ చేసుకుని ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు. గత 90 రోజుల్లో వచ్చిన ఏ వెర్షన్‌కైనా కావాలంటే తిరిగి వెళ్లొచ్చు. ఈ విషయంలో బజైట్‌దే పైచేయి.

కానీ ఆఖరి ఆసరా స్టీమ్‌ఓఎస్‌దే గట్టిది. వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వాల్యూమ్ తగ్గించే మీట పట్టుకుని పవర్ నొక్కితే అందులోంచి బూట్ అవుతుంది. ఆటలు, సొంత ఫైళ్లు వీలైనంతవరకు ఉంచి సిస్టమ్ మాత్రం మళ్లీ వేసే ఎంపిక కూడా అందులో ఉంది. బజైట్ వేసిన డెక్‌ను మళ్లీ స్టీమ్‌ఓఎస్‌కు తేవాలంటే మొత్తం తుడిచి కొత్తగా వేయడమే. అప్పుడు లోపలి ఎస్‌ఎస్‌డీలో ఉన్నవన్నీ పోతాయి, బజైట్ వేసేటప్పుడు కూడా అంతే. ఎస్‌డీ కార్డు మీది ఆటలు మాత్రం రెండు వైపులా పనికొస్తాయి, ఎందుకంటే డెక్ దాన్ని ఎక్స్‌ట్4 అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది, అది ఏ లైనక్స్‌కైనా అర్థమవుతుంది. ఏం చేసినా సరే, రికవరీ పెన్‌డ్రైవ్ ముందే చేసి పక్కన పెట్టుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పరిస్థితి రాకూడదు.

ఇంకో సంగతి కూడా తూకంలో వెయ్యాలి. స్టీమ్‌ఓఎస్‌ను డెక్ తయారుచేసినవాళ్లే డెక్ కోసం చేసి, డెక్ మీద పరీక్షించి పంపుతారు. ఆట మధ్యలో పవర్ మీట నొక్కి పక్కన పడేసి, రెండు రోజుల తర్వాత తీస్తే అదే క్షణం నుంచి మొదలయ్యే ఆ నిద్ర, ఆ మెలకువ డెక్‌కు ప్రాణం లాంటివి. బ్యాటరీ 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం 3.7లో వచ్చింది. ఎప్పుడూ డాక్‌లో ఉంచేవాళ్లకు అది వరం. బజైట్‌లో కెర్నల్ (ఓఎస్‌కు గుండెకాయ లాంటి భాగం), గ్రాఫిక్స్ డ్రైవర్లు చాలాసార్లు కొత్తవి ఉంటాయి, బృందం కూడా చురుగ్గా పనిచేస్తుంది. కానీ పదుల రకాల యంత్రాల్ని చూసుకుంటున్న స్వచ్ఛంద బృందం అది. ఇంత పనిని ఉచితంగా చేస్తున్న వాళ్లంటే నాకు గౌరవం. అయినా డెక్ కోసం మాత్రమే చేసిన దానిలోని నిలకడ వేరు.

విండోస్ సంగతి ఒక్క మాటలో. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆన్‌లైన్ ఆటలు లేకపోతే గడవదనుకునేవాళ్లకు ఈ పోలికే అనవసరం. వాటిలో మోసాల్ని పట్టే యాంటీ-చీట్ లైనక్స్‌ను ఒప్పుకోదు. ఎపెక్స్ లెజెండ్స్ కూడా 2024లో లైనక్స్‌కు తలుపు మూసేసింది. అలాంటివాళ్లు విండోస్‌తో వచ్చే యంత్రమే కొనుక్కోవాలి.

డెక్ కాకుండా ఇండియాలో నేరుగా దొరికే ఆసుస్ ఆర్‌ఓజీ ఆలై లాంటిది ఉన్నవాళ్లకు నా తూకం తిరగబడుతుంది. వేరే కంపెనీల ఏఎండీ యంత్రాల మీద కూడా స్టీమ్‌ఓఎస్‌ను వాల్వ్ 2025 మే నుంచి అనుమతిస్తోంది, లెనోవో లీజియన్ గో ఎస్ అయితే స్టీమ్‌ఓఎస్‌తోనే అమ్మకానికి వచ్చింది. కానీ ఆలై మీద ప్రత్యేక మీటలు, టీడీపీ, ఫ్యాను సర్దుబాటు లాంటివన్నీ చూసుకోవడానికి బజైట్‌లో ముందే ఏర్పాటు ఉంటుంది. అలాంటి యంత్రాలన్నిటినీ మొదటినుంచీ తనవిగా చూసుకున్నది బజైటే. ఆలై మీద లైనక్స్ కావాలంటే నేను ఆలోచించకుండా బజైటే వేస్తాను.

మా వాడికి ఫోన్‌లో చెప్పింది ఇదే: “ఒరే, నువ్వు డెక్‌ను కంప్యూటర్‌లా కూడా వాడుతున్నావు, వేసెయ్యి. ఆటలు ముందు ఎస్‌డీ కార్డుకి మార్చుకో. వేసేటప్పుడు యూఎస్‌బీ హబ్బూ కీబోర్డూ దగ్గర పెట్టుకో. అంతా సరిగ్గా నడిచిన రోజున ఆ వెర్షన్‌ను పిన్ చేసి పెట్టుకో.” వాడు ఆ ఆదివారమే వేశాడు, తెలుగు కీబోర్డు తప్ప ఏ పొరా చేర్చలేదు. నా డెక్ మాత్రం స్టీమ్‌ఓఎస్ మీదే ఉంది. నేను దాన్ని ఆడుకోవడానికే వాడతాను. నా మార్పులన్నీ మొదటి రెండు చోట్లలోనే సరిపోయాయి, కాబట్టి సిస్టమ్ తాళం తీసే అవసరం నాకు ఇంతవరకూ రాలేదు.