దిల్‌సుఖ్‌నగర్ అక్వేరియం షాపులో జీబ్రా చేపలు

ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. పిండం ఎదగడం కళ్లారా చూపించాలని ఇక్కడ జీబ్రా చేపలు కొన్నాను. షాపాయనకు పని తెలుసు. పొట్ట గుండ్రంగా ఉన్న ఆడవాటిని, సన్నగా పసుపు ఛాయతో ఉన్న మగవాటిని వేరుచేసి ఇచ్చాడు. అడుగున గోళీలు పరిస్తే గుడ్లను అవే తినెయ్యవనీ చెప్పాడు. తెల్లారి లైటు వెయ్యగానే పెట్టాయి!

గుడ్డు గాజులా ఉంటుంది. ఒక్క రోజుకే మైక్రోస్కోపు కింద గుండె కొట్టుకుంటుంది, మూడో రోజుకల్లా పిల్ల బయటికొస్తుంది. మా పిల్లలు కళ్లు తిప్పలేదు. 1981లో అమెరికా శాస్త్రవేత్త స్ట్రైసింగర్ క్లోన్ (జన్యుపరంగా అచ్చం ఒకేలాంటి ప్రతులు) చేసింది ఈ చేపనే. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి సరిపోలే జన్యువు దీనిలో ఉందని 2013లో తేలింది.

ఒక్కటే లోపం, పొడవు రెక్కలవీ కలిపేస్తారు. అడిగి విడిగా తీసుకోండి. అదీ ఒక మ్యుటేషనే (జన్యువులో మార్పు), మరో రోజు పాఠానికి పనికొస్తుంది.