మెమరీ పరిమితి: 64 బిట్లకు పెంచడమా, పేజీల్లో లెక్కించడమా?

మెమరీ పరిమితిని 32 బిట్ల చరరాశిలో బైట్లుగా లెక్కగట్టే కోడ్‌లో పెద్ద విలువలు పట్టవు. దాన్ని దిద్దడానికి రెండు దారులున్నాయి: చరరాశిని 64 బిట్లకు పెంచడం, లేదా పరిమితిని మొదటి నుంచి చివరి దాకా పేజీల్లోనే (మెమరీని విభజించే సమాన ముక్కల్లో, సాధారణంగా ఒక్కోటి 4,096 బైట్లు) ఉంచి పోల్చడం.

మొదటిది చిన్న మార్పే, కానీ చోటు తప్పితే ప్రయోజనం ఉండదు. 10,48,576 పేజీలను 4,096తో గుణిస్తే వచ్చే 4,29,49,67,296 సరిగ్గా 32 బిట్లలో పట్టని మొదటి సంఖ్య కనుక అక్కడ మిగిలేది 0. గుణకారం అయ్యాక 64 బిట్లకు మార్చినా ఆ సున్నా సున్నాగానే ఉంటుంది. పైగా లినక్స్‌లో ‘పరిమితి లేదు’ అని సూచించే విలువలో బిట్లన్నీ 1లే కాబట్టి, దాన్ని కిలోబైట్లుగా పొరబడి 1,024తో గుణిస్తే 64 బిట్లలోనూ పట్టక ఓవర్‌ఫ్లో అవుతుంది. దానికి విడిగా తనిఖీ తప్పదు.

పేజీల పద్ధతిలో ఆ గుణకారమే ఉండదు. అయితే బైట్లను పేజీలుగా మార్చేటప్పుడు పై పూర్ణాంకం రావడానికి ముందే 4,095 కలిపి 4,096తో భాగించే అలవాటు పెద్ద విలువల దగ్గర ఇదే తప్పును తిరిగి తెస్తుంది. భాగించి, శేషం మిగిలితేనే ఒకటి కలపడం క్షేమం. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లోపలి లెక్కలకు నేను పేజీలనే ఎంచుకుంటాను. వాడుకరి ఇచ్చే విలువ మాత్రం బైట్లలోనే ఉండాలి, ఎందుకంటే పేజీ పరిమాణం అన్ని యంత్రాల్లోనూ 4,096 బైట్లు కాదు.